మోగని పూలకూజా

డ్రెస్సరు బాబు పోయి నెల దాటింది. ఆ కబురు విన్న రోజు నేను అన్నం మానలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. "పాపం, పోయాడా" అని పొయ్యి మీది చారు దించి, మా ఆయనకు వడ్డించి, నేనూ తిన్నాను. మొన్న ఆదివారం ఆయన మేనకోడలు క్లాంగ్ నుంచి బంటింగ్ దాకా బస్సులో ఒక చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. "మావ నీకే ఇమ్మన్నాడక్కా, పైన నీ పేరు రాసినాడు" అని దింపి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ పెట్టె విప్పినప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా మధ్యలో నిలబడిపోతున్నాను. నిన్న పప్పు మాడ్చాను. మా ఆయన మాడు పప్పే మాట్లాడకుండా తిన్నాడు, ఎందుకంటే ఆయన కూడా నాలాగే ఉన్నాడు.

మావాళ్ళు ఇండియా నుంచి ఓడెక్కి కూలికొచ్చిన ఈ దేశంలో, బటాంగ్ బెర్జుంటై వైపు ఒక రబ్బరు ఎస్టేటులో ఆస్పత్రి ఉండేది. పేరుకు ఆస్పత్రి, పన్నెండు మంచాలు. పెద్ద డాక్టరు వారానికోసారి కారులో వచ్చి, చెయ్యి కడుక్కుని, సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. మిగతా రోజులన్నీ మాకు డాక్టరు, కట్లు కట్టే ఈ డ్రెస్సరు బాబే. కాన్పులు, జ్వరాలు, పాలు గీసే కత్తి జారి తెగిన వేళ్ళు, అన్నీ ఆయన చేతికే. నేను అక్కడ ఆయాని. మా నాన్న ఎస్టేటు కిరాణి, అంటే గుమాస్తా, కాబట్టి నాకు నాలుగు తెలుగు ముక్కలు వచ్చు, ఇంగ్లీషు మాత్రం రాదు. ఆయన క్వార్టరుకూ మా ఇంటికీ మధ్య ఒక్క చెక్కగోడ. మూల మీది ఇళ్ళు కాబట్టి ఆయన గుమ్మంలోంచి మా తలుపు కనబడేది.

మనిషి సన్నం, పొడుగు. తెల్ల ప్యాంటు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. కుడిచేతి నడిమి వేలు కొనదగ్గర కొంచెం వంగి ఉండేది. రోగి వీపు మీద ఎడమ చెయ్యి పరిచి, ఆ చేతి వేలి మీద ఈ వంకరవేలితో రెండుసార్లు కొట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఊపిరితిత్తి బాగుంటే డొల్లగా మోగుతుందట, నిమ్ము చేరితే బండరాయిలా ఉలకదట. అది ఆయన విద్య. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన దేన్నైనా కొట్టి వినేవాడు. పనసపండు, కిరసనాయిలు డబ్బా, చెదలు పట్టిందేమోనని మా గోడ చెక్కలు. ఒకసారి మేనేజరు దొర మాట్లాడుతుండగా ఆయన బల్లను కొట్టి విన్నాడని చెప్పుకునేవారు.

రెండో అలవాటు, దేన్నైనా బోర్లించి అడుగు చూడటం. గిన్నె, కప్పు, సాసరు, ఏది చేతికిచ్చినా ముందు దాని అడుగు చూడాలి. లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఒక పెళ్ళికి పిలిస్తే కాఫీ ఇచ్చారు. ఆ పరధ్యానంలో నిండు కప్పునే తిరగేశాడు. తెల్ల ప్యాంటంతా కాఫీ. పెళ్ళివారు లబలబలాడుతుంటే ఈయన తాపీగా "జపాన్ సరుకు" అన్నాడు.

ఈ పిచ్చికి మూలం ఒక పింగాణీ బొమ్మ. యుద్ధానికి ముందు మా ఎస్టేటు మేనేజరు డెన్మార్కు దొర. ఆ దొరసానికి మలేరియా ముదిరితే ఈయన తొమ్మిది రోజులు దగ్గరుండి బతికించాడు. ఆమె లేచి కూర్చున్నాక, జానెడు కూడా లేని ఒక బొమ్మ చేతిలో పెట్టింది. బాతుని పక్కనేసుకుని నిలబడ్డ పిల్ల. ఈయన అలవాటు కొద్దీ బోర్లించాడు. అడుగున నీలంగా మూడు అలలు గీసి ఉన్నాయి. అంతే, మనిషి చిక్కుకుపోయాడు. ఆ మూడు అలలు ఎక్కడ కనబడితే అక్కడికి పరుగు. క్లాంగ్‌లో లేలోంగులకు, అంటే వేలంపాటలకు, వెళ్ళేవాడు. చీనావాళ్ళ పాతసామాన్ల కొట్లలో దుమ్ములో కూర్చునేవాడు. ఊరికి పోయే దొరల బంగళాల ముందు తచ్చాడేవాడు. యుద్ధంలో జపాన్ వాళ్ళు దేశం పట్టుకున్న కాలంలో అన్నిటినీ ఊకలో పెట్టి ఆస్పత్రి వెనక పాతిపెట్టాడు. తన పెళ్ళాం నగలు పాతిపెట్టిన చోటు మరిచిపోయాడు గానీ బొమ్మల చోటు మరవలేదని ఆవిడే నవ్వుతూ చెప్పేది. పుణ్యాత్మురాలు, యుద్ధం అయిపోయిన ఏడాదికే పోయింది.

ఆవిడ ఉన్నప్పుడు నవరాత్రికి ఆ బొమ్మలనే మెట్ల మీద కొలువు పెట్టేది. బాతుపిల్ల, దూడని పట్టుకున్న కుర్రాడు, తలెత్తిన తెల్ల ఎలుగుబంటి, కుందేలుతో కూర్చున్న మేకకాళ్ళ మనిషి. ఆ మేకకాళ్ళవాడు ఏదో దేశం దేవుడని మా లైన్ల ఆడవాళ్ళు గట్టిగా నమ్మారు. బొట్టు పెట్టి హారతి ఇచ్చేవారు. పిల్లలు లేని ఒకావిడ మొక్కు కూడా మొక్కుకుంది, ఆ ఏడే కొడుకు పుట్టాడు. ఆ తరవాత ఇక ఎవరు చెప్పినా వినేవారు లేరు. డ్రెస్సరు బాబు ఒక్కమాట అనేవాడు కాదు. అందరూ వెళ్ళాక దూదీ స్పిరిటూ తెచ్చుకుని, పుండు తుడిచినంత మెల్లిగా ఆ దేవుడి నుదుటి కుంకుమ తుడిచేవాడు.

పై అరలో రెండు పూలకూజాలుండేవి. మూరెడు పొడుగు, సన్నటి మెడ, అచ్చం కవలలు. పొగమంచు రంగు నీలంలో ఆకుల్లేని చెట్లు, కింద తెల్లగా నేల. ఆ తెల్లది ఏటి బాబూ అని అడిగితే, "మంచు అమ్మీ. అయిసు కచాంగు మీద అయిసు గీసి పోస్తారే, అలాగ ఊరంతా పడతాది" అన్నాడు. తనూ చూడలేదు. వాటి వయసు తన తాత వయసని గర్వంగా చెప్పుకునేవాడు. వాటిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

ప్రతి బొమ్మకూ ఆస్పత్రి కార్డు ఒకటి దారంతో కట్టి ఉండేది. రోగుల కార్డులు ఇంగ్లీషులో, బొమ్మల కార్డులు తెలుగులో. పేరు, వయసు, ఫిర్యాదు, మోత. తెల్ల ఎలుగుబంటి కార్డు నాకు నోటికొచ్చు. "ఫిర్యాదు: కుడి చెవి చిట్లింది. బాధ లేదు. మోత: కొంచెం బొంగురు." కొన్న ప్రతి బొమ్మనూ కొట్టి వినేవాడు. పగులుంటే కంటికి కనబడకపోయినా చెవికి దొరికిపోతుంది. వెంట్రుకవాసి పగులుని కూడా కళ్ళు మూసుకుని పట్టేవాడు.

కార్డు మీద అబద్ధం రాయడు. దానికోసం ఎంతకైనా వెళ్తాడు. ఒకసారి కూలీ ఒకణ్ణి మేస్త్రీ కర్రతో కొడితే చెయ్యి విరిగింది. జారిపడ్డాడని రాయమని ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఈయన మందుల ట్రే ఎత్తి నేలకేసి కొట్టాడు. సీసాలన్నీ పగిలి, ఆ రోజంతా నేను గాజు ఏరుకున్నాను. ఆ కోపం నేను కళ్ళారా చూశాను. ఎందుకింత కోపం బాబూ అంటే, "నేను అబద్ధం రాస్తే రేపు ఇంకోడు అది సూసి తప్పు మందు ఇస్తాడు" అన్నాడు. ఈ కోపం సంగతి గుర్తుపెట్టుకోండి. నేను దాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నాను, అదే నా ఖర్మ.

అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టుల మీద దొరల సర్కారు ఎమర్జెన్సీ పెట్టింది. లైన్ల చుట్టూ ముళ్ళతీగ వేశారు, బియ్యం కొలిచి ఇచ్చారు, గేటు దగ్గర టిఫిన్ డబ్బా కూడా మూత తీసి చూపించాలి. మా ఆయన కూలీల సంఘానికి సెక్రటరీ. సంఘం వాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకుపోతుంటే మా ఆయన పారిపోయాడు. తుపాకీ పట్టలేదు, అడవిలోవాళ్ళతో కలవలేదు, బొగ్గులు కాల్చేవాడి గుడిసెలో దాక్కున్నాడు. కానీ ఆ రోజుల్లో ఎవరు అడిగారు? దొరికితే జైలు. కొందరిని ఓడెక్కించి ఇండియాకి పంపేశారు. అడవివాళ్ళతో చూశామని ఎవడైనా వేలు చూపిస్తే ఉరి. మూడు నెలల తరవాత ఒక వానరోజు తీగ కింద కాలవలోంచి పాకి వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది, ఎడమపక్క నొప్పి, ఊపిరి అందడం లేదు. మంచానికి చీర అడ్డంగా కట్టి దాచాను. ఎవరికీ చెప్పలేదు. గోడవతల డ్రెస్సరు బాబుకి అసలే చెప్పలేదు. ఆయన అబద్ధం రాయడు కదా. అడిగితే నిజం చెప్పేస్తాడని నా భయం.

మందు లేకపోతే మనిషి దక్కడు. అందుకని నేనే రోగినయ్యాను. పొద్దున్నే వెళ్ళి ఆయన ముందు స్టూలు మీద కూర్చుని దగ్గాను. ఎడమపక్క నొప్పి బాబూ, జొరం బాబూ అని ఏడుపుమొహం పెట్టాను. ఆయన నా వీపు మీద చెయ్యి పరిచి కొట్టాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"నిమ్ము సేసిందమ్మీ," అన్నాడు. "ఎడంపక్క."

సల్ఫా మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టాడు. ఎన్ని పూటలో చెప్పాడు. పడుకుని మింగితే పొలమారుతుంది, వీపు కింద రెండు తలగడలు ఎత్తుగా పెట్టుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి అన్నాడు. నేను దగ్గుతూ బయటికొచ్చి, ఇంటికి వెళ్ళి, మా ఆయన నోట్లో మాత్ర పెట్టి నవ్వుకున్నాను. వెంట్రుకవాసి పగులు పట్టే మహానుభావుణ్ణి బోల్తా కొట్టించానని ఎంత గర్వపడ్డానో. మాత్రలు పనిచేశాయి. నాలుగో రోజుకి జ్వరం దిగింది.

అయిదో రోజు పొద్దున లారీ వచ్చింది. ఎస్టేటు ఆస్పత్రుల నుంచి మందులు అడవికి పోతున్నాయని సోదా. ఒక కుర్ర తెల్లదొర, ఆరుగురు పోలీసులు. ఆస్పత్రి వెతికారు, తరవాత డ్రెస్సరు బాబు క్వార్టరుకి వచ్చారు. ఆస్పత్రి తాళాలు నా కొంగున ఉండేవి కాబట్టి నన్నూ లోపలికి రమ్మన్నారు. నేను అరల వైపు తిరిగి నిలబడ్డాను. నా వీపు వెనక గుమ్మం. చెక్కగోడవతల చీర చాటున మా ఆయన.

దొర బొమ్మలను ఎత్తి ఊపాడు, బోలుగా ఉంటాయి కాబట్టి లోపల ఏమైనా కుక్కారేమోనని. డ్రెస్సరు బాబు ఇంగ్లీషులో ఏదో చెప్పి, ఒక్కోదాన్నీ వంకరవేలితో కొట్టి వినిపించాడు. లోపల ఏమైనా ఉంటే మోగదు అంటున్నాడని నాకూ అర్థమైంది. అన్నీ మోగాయి. దొరకు విసుగొచ్చింది. పై అర కూజాల జోలికి పోకుండా ఒక మాట అని వెనక్కి తిరిగాడు. ఇక వెళ్ళిపోతున్నారనుకున్నాను. అమ్మవారికి మనసులోనే కొబ్బరికాయ మొక్కాను.

అప్పుడు డ్రెస్సరు బాబు ఆయన్ని వెనక్కి పిలిచాడు.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. పోయేవాళ్ళను పిలిచి, పై అర నుంచి ఒక కూజా దించి, ఎడమచేత్తో పొట్ట దగ్గర పట్టుకుని, కొట్టాడు. మోగలేదు. బొద్దుగా, మట్టిముద్దను కొట్టినట్టు వినబడింది. దొర మొహం మారిపోయింది. లాక్కుని మెడలోంచి లోపలికి చూశాడు, వేలు పెట్టాడు, వేలు దూరలేదు. గట్టిగా ఏదో అడిగాడు. డ్రెస్సరు బాబు కూజా తిరిగి తీసుకుని, రెండు చేతులా తలకంటే ఎత్తుకి లేపి, సిమెంటు నేల మీద కొట్టాడు.

ఆ చప్పుడు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. బయట ఉన్న పోలీసులు పరుగెత్తుకొచ్చారు. నేల మీద తెల్లటి పెంకులు తప్ప మాత్ర లేదు, పొడి లేదు, ఏమీ లేదు. దొర వంగి అడుగు పెంకు తీశాడు. తిరగేసి చూశాడు. మూడు అలలు. మొహం చెవులదాకా ఎర్రబడింది. టోపీ తీసి ఏదో గొణిగాడు. వాళ్ళమ్మ దగ్గర కూడా ఇలాంటిదే ఉందన్నాడని తరవాత విన్నాను. అంతే, పెంకుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, మనుషులను పిలుచుకుని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

డ్రెస్సరు బాబు నేల మీద గొంతుక్కూర్చుని పెంకులు ఏరుతున్నాడు. నేను ఒక్క పెంకు కూడా ఏరలేదు. ఇంటికి పరుగెత్తాను. మా ఆయన చెమటలో తడిసిపోయి ఉన్నాడు. మన తలుపు గడియ మీద ఎవడో చెయ్యేసినాడే, గడియ కదిలింది కూడా, అప్పుడే పక్కన ఏదో పగిలింది, చెయ్యి తీసేసి పోయినాడు అని చెప్పాడు. అమ్మవారే కాపాడింది అన్నాను. కొబ్బరికాయ కొట్టాను.

డ్రెస్సరు బాబు మీద మాత్రం ఒళ్ళు మండిపోయింది. తన కూజా గొప్ప చూపించుకోవడానికి పోయేవాళ్ళను పిలిచాడు. లోపల పగులున్న సరుకని తేలిపోయేసరికి పరువుపోయి ట్రే విసిరినట్టే విసిరాడు. దొరకు కోపం వచ్చి ఇళ్ళ వరస మొత్తం వెతికించి ఉంటే నా మొగుడి గతేమిటి? అలా అనుకున్నాను. వారం తిరక్కుండా మా ఆయన వేరే పేరుతో బంటింగ్‌లో తెలిసినవాళ్ళ కొట్లో చేరాడు. కొన్నాళ్ళకు నేనూ వచ్చేశాను. వచ్చేటప్పుడు పక్కింటి గుమ్మం ఎక్కి చెప్పి రాలేదు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. మా ఆయన అసలు పేరు బయటికి చెప్పుకున్నా ఎవరూ పట్టించుకోని రోజులొచ్చాయి. దొరలు ఒక్కొక్కరే సామాన్లు అమ్ముకుని ఓడెక్కుతున్నారు. వీధిలో కాగితం జెండాలు ఇంకా వానకు తడుస్తూ వేలాడుతున్నాయి, అలాంటి ఒక మధ్యాహ్నం డ్రెస్సరు బాబు మా గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టంతా నెరిసింది. చంకలో తువ్వాలులో చుట్టిన పొడుగాటి మూట. ఏదో లేలోంగులో కొన్నదే అనుకుని అదేమిటని కూడా అడగలేదు. మా ఆయన కొట్టుకి వెళ్ళి ఉన్నాడు. కాఫీ ఇచ్చాను. మీ ఆయన ఒంట్లో బాగుంటన్నాడా అమ్మీ అని అడిగాడు. మర్యాదకి అడుగుతున్నాడనుకున్నాను. కాఫీ తాగి కప్పు బోర్లించాడు. ఆ అలవాటు చూడగానే నాకు లోపల అణిచిపెట్టుకున్నదంతా పొంగింది.

"బాబూ, ఒకమాట సెప్తాను," అన్నాను. "నువ్వు కూజా బద్దలుకొట్టిన రోజు నా పెనిమిటి గోడవతలే ఉన్నాడు. జొరంతో. పోయేవోళ్ళని నువ్వు పిలిసినావు. నీ పింగాణీ కోసం, నీ కోపం కోసం, నా మొగుడు పోయేవోడు."

ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. అయ్యో, నాకు తెలీదమ్మా అంటాడనుకున్నాను. కప్పుని మళ్ళీ సరిగ్గా నిలబెట్టి, సాసరు మధ్యలోకి జరిపాడు.

"అలాగా అమ్మీ," అన్నాడు.

వస్తానమ్మీ అని మూట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

మొన్న విప్పిన పెట్టెలో, ఊకలో, రెండో కూజా ఉంది. అదే తువ్వాలు. ఆ రోజు ఇవ్వడానికి తెచ్చి తిరిగి పట్టుకుపోయినది ఇదే. మెడకు మూడు కార్డులు కట్టి ఉన్నాయి. మొదటిది దీనిది. రెండోది పగిలినదానిది. "ఫిర్యాదు: లేదు. మోత: నిండు. పగులు లేదు." దాని కింద వేరే సిరాతో, "పగిలింది. కారణం: అవసరం."

కార్డు మీద అబద్ధం రాయని మనిషి. పగులు లేదంటే లేదు. మరి ఆ రోజు ఎందుకు మోగలేదు? నాకు అర్థం కాక, కూజాని బల్ల మీద నిలబెట్టి వేలితో కొట్టాను. గుడిగంటలా మోగింది. గదిలోంచి మా ఆయన ఏటది అంటూ వచ్చాడు. ఆ రోజు డ్రెస్సరు బాబు ఎలా పట్టుకున్నాడో గుర్తు తెచ్చుకుని, ఎడమ అరచెయ్యి పొట్ట మీద పూర్తిగా ఆనించి, మళ్ళీ కొట్టాను.

మట్టిముద్ద. అదే చప్పుడు. ఆ సోదా రోజు నా వీపు గుమ్మం వైపు ఉంది. డ్రెస్సరు బాబు మొహం గుమ్మం వైపు ఉంది. నేను చూడనిది ఆయన చూశాడు, మా తలుపు గడియ మీద పోలీసు చెయ్యి. దొర వెళ్ళిపోవడం లేదు, మా ఇంటికి వస్తున్నాడు. వాళ్ళ అనుమానమంతా తన చేతిలోని కూజా మీదికి లాక్కుని, దాన్ని నేలకేసి కొట్టి ఆర్పేశాడు. ఆ తరవాత ఇంకో ఇల్లు సోదా చేయడానికి ఆ కుర్రదొరకు మొహం చెల్లలేదు.

కానీ మా ఆయన అక్కడున్నట్టు డ్రెస్సరు బాబుకెలా తెలుసు? మూడో కార్డు తీశాను. అది రోగి కార్డు. ఆస్పత్రి బీరువాలో ఇంగ్లీషులో ఉండాల్సినది, తెలుగులో రాసి, బొమ్మల కార్డుల్లో దాచాడు. పైన నా పేరు.

"ఫిర్యాదు: దగ్గు, ఎడమపక్క నొప్పి. రెండు పక్కలా నిండుగా మోగింది. నిమ్ము లేదు. జ్వరం లేదు. మందు ఇచ్చాను."

రెండుసార్లు చదివి మా ఆయన చేతికిచ్చాను. కాగితం మీద రాయని అబద్ధం డ్రెస్సరు బాబు నోటితో ఆడాడు, నా మొహం మీదే ఆడాడు, నిమ్ము సేసిందమ్మీ అని. నేను తలగడలు ఎత్తుగా పెట్టింది ఎవరి వీపు కిందో ఆయనకు తెలుసు. తెలిసే, నా గుమ్మంలో కూర్చుని, నేను పెట్టిన చీవాట్లన్నీ కొత్తగా విన్నట్టు విన్నాడు.

మా ఆయన కార్డు చదివి, దాన్ని మళ్ళీ కూజా మెడకు కట్టాడు. తలెత్తి అడిగాడు.

"ఆయన వచ్చినప్పుడు అన్నం ఎట్టినావా?"

"లేదు," అన్నాను. "కాఫీ ఒకటే ఇచ్చినాను."